అరగంట చీకటి

ఎండాకాలం రాత్రి మేడ ఎక్కి, ఐదు నిమిషాలు తలెత్తి చూసి, "ఏముంది, నాలుగు చుక్కలేగా" అనుకుని దిగిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు. లైట్లు వెలుగుతున్న గదిలోంచి నేరుగా బయటికొచ్చిన కంటికి ఐదు నిమిషాల్లో అందేది అంతే. ఆ నాలుగు చుక్కల మధ్య ఇంకా వందలు, మంచి చీకటి ఉన్నచోటయితే వేలు, వెలుగుతూనే ఉంటాయి. కన్నే ఇంకా మేలుకోలేదు.

ఆకాశం చూడాలన్న కోరిక పుట్టగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏ టెలిస్కోపు కొనాలి?" అని. మొదటి వేసవికి ఏదీ కొనొద్దన్నది నా వాదన. ముందు అరగంట చీకటి సంపాదించుకోండి. అరగంట చీకట్లో కూర్చోవడం చేతకాకుండా ఎంత పెద్ద గొట్టం తెచ్చినా, అది ఒక మూల పడి ఉంటుంది. చేతనయిన మనిషికి ఒట్టి కళ్ళతోనే ఒక వేసవికి సరిపడా పని దొరుకుతుంది.

అరగంటే ఎందుకంటే, కన్ను చీకటికి రెండు దశల్లో అలవాటు పడుతుంది. మొదటిది కంటిపాప తెరుచుకోవడం. వెలుతురులో 2 మిల్లీమీటర్లు ఉండే కంటిపాప చీకట్లో, వయసులో ఉన్నవాళ్ళకి, 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వైశాల్యం లెక్కన 12 రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. ఇది ఒక నిమిషం లోపు అయిపోతుంది. ఆ నిమిషం చూసి "కళ్ళు అలవాటు పడ్డాయి" అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. రెటీనాలో మసక వెలుతురును పట్టుకునేవి దండకణాలు. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విడిపోతుంది, చీకట్లో మళ్ళీ తయారవుతుంది. ఆ తయారీకి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, పూర్తిగా నిండడానికి ఇంకో పది నిమిషాలు. కంటిపాప ఇచ్చేది పన్నెండు రెట్లయితే రొడాప్సిన్ ఇచ్చేది వేల రెట్లు.

ఇంత కష్టపడి పోగుచేసుకున్నది ఒక్క క్షణంలో పోతుంది. ఎవరో ఫోన్ తెర వెలిగించారు, మెట్ల దగ్గర లైటు వేశారు, వీధి మలుపులో బండి హెడ్‌లైటు కళ్ళలో పడింది. ఇక లెక్క మళ్ళీ మొదటికి. అందుకే చూసేచోట ఆకాశం ఎంత నల్లగా ఉందన్నదాని కంటే ముందు, మీకు నేరుగా కనబడే దీపం ఒక్కటీ లేకుండా చూసుకోండి. పిట్టగోడ నీడలోనో, నీళ్ళ ట్యాంకు వెనకో, చెట్టు చాటునో కూర్చుంటే చాలు. పైన ఆకాశం కాస్త పలచబడి ఉన్నా ఫరవాలేదు, కంటికి సూటిగా గుచ్చే దీపం మాత్రం ఉండకూడదు. కదల్లేని దీపం ఒకటి అడ్డొస్తే దాని వైపు దుప్పటి ఆరేయండి.

వెలుతురు లేకుండా ఎలాగూ కుదరదు కాబట్టి ఎరుపు వాడతాం. దండకణాలకు అన్నిటికంటే బాగా తెలిసేది 500 నానోమీటర్ల దగ్గరి నీలి-ఆకుపచ్చ వెలుతురు. 620 దాటిన ఎరుపు వాటికి దాదాపు కనిపించదు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. ఒక్క పొర చాలదు, గులాబీ రంగు వెలుతురు కారుతుంది. చేతిలో అక్షరాలు కష్టం మీద కనబడేంత మసకగా ఉంటే సరైన మోతాదు. ఫోన్‌లో ఆకాశపటాల యాప్‌లకు ఎరుపు మోడ్ ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని ప్రకాశం తగ్గించకపోతే లాభం లేదు. ప్రకాశవంతమైన ఎరుపు కూడా కన్నును పాడుచేస్తుంది. ఎల్‌సీడీ తెరలయితే నల్లగా కనిపించే భాగం నుంచి కూడా వెనక దీపం వెలుతురు బయటికొస్తుంది. మరో సంగతి, ఇది వేసవికి ప్రత్యేకం: పగలంతా మండుటెండలో నల్లకళ్ళద్దాలు లేకుండా తిరిగితే ఆ రాత్రి కన్ను చీకటికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది. రాత్రి ఆకాశం కోసం సిద్ధపడటం మధ్యాహ్నం నుంచే మొదలవుతుందన్నమాట.

అలవాటు పడిన కంటికి ఒక వింత గుణం ఉంది. మసక చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, పక్కకి చూస్తే కనిపిస్తుంది. చూపు కేంద్రంలో దండకణాలు అసలు లేవు. పగటి చూపుకు, రంగులకు పనికొచ్చే శంకుకణాలే అక్కడ కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి చూడాలనుకున్నదానికి ఒక పిడికిలి దూరంలో చూపు నిలిపి, ధ్యాస మాత్రం దాని మీద పెట్టాలి. కన్ను అటు లాగుతుంటుంది, లొంగకూడదు. రెండు మూడు రాత్రులకు చేతికొస్తుంది. రంగుల కథ కూడా ఇందులోనే ఉంది: బాగా ప్రకాశించే నక్షత్రాలు మాత్రమే శంకుకణాలను లేపగలవు కాబట్టి వాటికే ఎరుపు, నారింజ, నీలం కనిపిస్తాయి. మిగతా ఆకాశమంతా బూడిద రంగే. ఫోటోల్లో చూసిన ఊదా, గులాబీ పాలపుంత కోసం వెతికేవాళ్ళు ఈ విషయం ముందే తెలుసుకుంటే నిరాశ పడరు.

ఇక ఏ రాత్రి వెళ్ళాలి? అమావాస్యకు అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. కాబట్టి పౌర్ణమి తర్వాత ఐదో రోజుకు, సూర్యుడు అస్తమించాక దాదాపు నాలుగు గంటల దాకా చంద్రుడు రాడు. సూర్యుడు అస్తమించిన వెంటనే చీకటి పడిపోదు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి వెళ్తే గానీ ఆకాశం పూర్తిగా నల్లబడదు. భూమధ్యరేఖకు దగ్గర్లో అందుకు గంటా పావు నుంచి గంటన్నర పడుతుంది. ఉత్తరంగా వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. 49 డిగ్రీల అక్షాంశం దాటితే జూన్ చివర్లో అసలు చీకటే పడని రాత్రులుంటాయి.

వేసవి ఆకాశానికి రెండు శత్రువులున్నాయి, దుమ్ము, వేడి. నడినెత్తిన ఉన్న నక్షత్రం వెలుగు ఒక పొర గాలి దాటి వస్తే, 30 డిగ్రీల ఎత్తులో ఉన్నదాని వెలుగు రెండు పొరలంత, 10 డిగ్రీల ఎత్తులో ఉన్నదానిది ఐదున్నర పొరలంత గాలి దాటాలి. అందుకే ఎండలు ముదిరిన రోజుల్లో దిగంతం దగ్గర ఏమీ కనిపించదు. అక్కడ వెతుకుతూ సమయం పోగొట్టుకోకుండా మూడు పిడికిళ్ళ ఎత్తు పైన ఉన్నదాన్ని చూడండి. సాయంత్రం గాలివాన కొట్టి వెలిసిన రాత్రిని మాత్రం వదులుకోవద్దు. దుమ్మంతా కడుక్కుపోయి వేసవి మొత్తంలో దొరకని నల్లదనం ఆ ఒక్క రాత్రి దొరుకుతుంది. వేడి సంగతి వేరు. పగలు కాలిన నేల, గోడలు రాత్రి ఆ వేడిని వదులుతుంటే గాలి సుడులు తిరిగి నక్షత్రాలు మరీ మిణుకుమిణుకుమంటాయి. ఒట్టి కళ్ళకు దాంతో నష్టం లేదు, అందమే. చంద్రుడి మీద గుంటలో, గ్రహాలో కటకంతో చూడాలంటే మాత్రం నేల చల్లబడే దాకా, అంటే అర్ధరాత్రి దాకా ఆగాలి. సిమెంటు మేడ కంటే గడ్డినేల త్వరగా చల్లబడుతుంది.

నిలబడి చూడొద్దు. పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది, ఆ నొప్పితో ఆకాశం మీద ఆసక్తి కూడా పోతుంది. మంచం వేసుకుని, కాళ్ళు దక్షిణం వైపు పెట్టి వెల్లకిలా పడుకోండి. వేసవిలో చూడదగ్గది ఎక్కువగా నడినెత్తి నుంచి దక్షిణానికి ఉంటుంది. అలా పడుకుంటే తూర్పు ఎడమచేతి వైపు వస్తుంది. ఆకాశపటాల్లో తూర్పు ఎడమకు గీస్తారెందుకో చాలామందికి అర్థం కాదు. పటాన్ని తల మీద పట్టుకుని చూడటానికి గీశారు కాబట్టి. నేల మీద పడుకోవడం మాత్రం వద్దంటాను. ఉక్క రాత్రుల్లో పాములు, తేళ్ళు బయట తిరిగేది చల్లబడ్డాకే. పొలం గట్టున, తోటలో మంచం తప్పనిసరి, కాళ్ళకు బూట్లు ఉండాలి, నడిచేటప్పుడు టార్చి ఉండాలి. కంటికి అలవాటైన చీకటి పోయినా సరే, నడిచే దారి మీద వెలుతురు పడాలి. 365 నుంచి 395 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి ఉంటే కూర్చోబోయే ముందు చుట్టూ ఒకసారి తిప్పండి. తేలు పెంకు ఆ వెలుతురులో నీలి-ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు టార్చికి మట్టిలో కలిసిపోయే తేలు దీనికి దాక్కోలేదు. ఆ టార్చిని కళ్ళలోకి మాత్రం కొట్టొద్దు. దోమల మందు రాసుకుంటే చేతులు తుడుచుకున్నాకే బైనాక్యులర్స్ ముట్టుకోండి. డీట్ ఉన్న మందు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కటకాల పూత పాడుచేస్తుంది.

ఇప్పుడు పైకి చూద్దాం. కొలతలకు చెయ్యి చాలు. చెయ్యి బారుగా చాపితే చిటికెనవేలి వెడల్పు ఒక డిగ్రీ, మధ్య మూడు వేళ్ళు 5, పిడికిలి 10 డిగ్రీలు. పిల్లలకైనా పెద్దలకైనా ఇదే లెక్క పనికొస్తుంది, చెయ్యి చిన్నదైతే పిడికిలీ చిన్నదే కదా.

మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షి మండలం తన అత్యంత ఎత్తులో బోర్లా తిరగేసిన గరిటెలా ఉంటుంది. గిన్నె చివరి రెండు చుక్కలు పులహుడు, క్రతువు. వాటిని కలిపిన గీతను అదే దారిలో ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువనక్షత్రం. అది దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మీరు అంత అక్షాంశంలో ఉన్నట్టు. 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్నవాళ్ళకి అది రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా దాటదు, అందుకే దుమ్ములో తరచూ కనిపించదు. ధ్రువనక్షత్రం ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైనదన్న నమ్మకం తప్పు. అది ప్రకాశంలో రెండో తరగతి చుక్క, సప్తర్షుల్లో చాలావాటితో సమానమే.

గరిటె కాడలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని 12 కళల దూరంలో, అంటే చంద్రబింబం వెడల్పులో సగానికి కొంచెం తక్కువలో, అరుంధతి. కళ్ళు సరిగా ఉన్నవాళ్ళకి మామూలు చీకట్లో కనిపించాలి. మేడ ఎక్కగానే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి చూడండి. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈ ఒక్క పరీక్ష చాలు.

అదే కాడ వంపును అలాగే సాగదీస్తే మూడు పిడికిళ్ళ దూరంలో నారింజ రంగులో స్వాతి. ఉత్తరార్ధగోళం ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం ఇదే. 37 కాంతి సంవత్సరాల దూరం, సూర్యుడికి 25 రెట్ల వ్యాసం. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన మొదలైనప్పుడు స్వాతి వెలుగును టెలిస్కోపులతో ఫోటోసెల్‌ల మీద పట్టి, ఆ సంకేతంతో దీపాలు వెలిగించారు. అంతకు నలభై ఏళ్ళ ముందు, 1893లో, అదే ఊళ్ళో ప్రదర్శన జరిగింది. స్వాతి 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని అప్పట్లో లెక్క, కాబట్టి ఆ పాత ప్రదర్శననాడు బయల్దేరిన వెలుగు ఈ కొత్తదాన్ని తెరిచిందనుకున్నారు. లెక్క మూడేళ్ళు తప్పింది గానీ ఆలోచన ఎంత బాగుంది! ఈ రాత్రి మీరు చూసే స్వాతి వెలుగు బయల్దేరిన ఏడాది మీ ఇంట్లో ఏం జరుగుతోందో లెక్కేసి చూడండి. స్వాతి నుంచి వంపును ఇంకో మూడు పిడికిళ్ళు లాగితే తెల్లగా చిత్త. అది 250 కాంతి సంవత్సరాలు. కంటికి రెండూ పక్కపక్కన, ఒకే గోడకు కొట్టిన మేకుల్లా ఉంటాయి. ఒకటి రెండోదానికంటే దాదాపు ఏడు రెట్లు దూరం.

చిత్తకు తూర్పుగా, ఆలస్యంగా లేచేది వృశ్చికం. పేరుకి తగ్గ ఆకారం ఉన్న అతి కొద్ది రాశుల్లో ఇదొకటి: గుండె దగ్గర ఎర్రటి జ్యేష్ఠ, కింద కొక్కెంలా తిరిగిన తోక, కొసన మూల. జ్యేష్ఠను సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాటిపోతుంది. నాకు ఇంతకంటే నచ్చే సంగతి ఇంకోటుంది. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉన్న రోజులు. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో రోహిణి సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది, మన కంటపడదు. రోహిణికి ఆకాశంలో సరిగ్గా ఎదురుగా, సగం చుట్టు అవతల ఉన్నది జ్యేష్ఠ. కాబట్టి మే చివర, జూన్ మొదట్లో జ్యేష్ఠ సూర్యాస్తమయం వేళకు తూర్పున లేచి, అర్ధరాత్రికి దక్షిణాన తన అత్యంత ఎత్తుకు చేరి, తెల్లవారుతుండగా పడమట దిగుతుంది. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉండాలి కాబట్టి ఆ రోజుల పౌర్ణమి జ్యేష్ఠ దగ్గరే వస్తుంది. నెలకు ఆ పేరు అలా వచ్చింది. పగటి వేడికి ఒక నక్షత్రం పేరు, ఆ రాత్రులకు దాని ఎదుటి నక్షత్రం. క్యాలెండరులో చదివే పేర్లకి ఆకాశంలో చిరునామా ఉందని తెలియడం కోసమైనా ఒక్క వేసవి రాత్రి మేలుకోవాలి.

వృశ్చికం తోకకు ఎడమన ధనుస్సు. అక్కడ ఎనిమిది చుక్కలు కలిపితే అచ్చం టీ కెటిల్. పూర్వాషాఢ, ఉత్తరాషాఢ నక్షత్రాలు ఆ కెటిల్‌లోవే. దాని మూతి నుంచి ఆవిరి లేస్తున్నట్టు కనిపించే తెల్లటి మసకే పాలపుంతలో అత్యంత దట్టమైన భాగం. మన గెలాక్సీ కేంద్రం 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఆ వైపే ఉంది. కేంద్రం మాత్రం కంటికి కనిపించదు, మధ్యలో ధూళి మేఘాలు అడ్డు. పాలపుంత మధ్యగా నల్లటి చీలిక కనిపిస్తే అక్కడ నక్షత్రాలు లేవనుకోవద్దు, వాటి ముందు ధూళి ఉంది. మే మధ్యలో ఈ భాగం రాత్రి రెండున్నరకు, జూన్ మూడో వారంలో అర్ధరాత్రికి, జూలై మూడో వారంలో పదింటికి దక్షిణాన ఎత్తుకొస్తుంది.

తూర్పున, మే రాత్రి పదకొండయ్యేసరికి, మూడు ప్రకాశవంతమైన చుక్కలు పెద్ద త్రికోణంగా నిలుస్తాయి: నీలిఛాయ తెలుపులో అభిజిత్, దానికి మూడున్నర పిడికిళ్ళ దూరంలో శ్రవణం, రెండున్నర పిడికిళ్ళ దూరంలో హంస తోక చుక్క. 1850లో మొట్టమొదట ఫోటో తీసిన నక్షత్రం (సూర్యుణ్ణి మినహాయిస్తే) అభిజిత్తే. భూమి అక్షం 26,000 ఏళ్ళకొకసారి బొంగరంలా తూగుతూ తిరుగుతుంది కాబట్టి మరో 12,000 ఏళ్ళకు ధ్రువం దీనికి దగ్గరగా వస్తుంది.

కథలు చాలు. చేతితో చేసే పని ఒకటి చెబుతాను, ఈ వ్యాసంలో ఇంకేదీ చెయ్యకపోయినా ఇది చెయ్యండి. మేడ మీద ఒక చోటు గుర్తు పెట్టుకోండి, సుద్దతో రెండు పాదాలు గీస్తే మేలు. అక్కడ నిలబడి, పడమటి వైపు ఒక గోడ అంచు వెనక్కి ఏదో ఒక నక్షత్రం మాయమయ్యే క్షణాన్ని గడియారంలో చూసి రాయండి. మర్నాడు అదే చోట, ఒక కన్ను మూసి, తల అదే ఎత్తులో ఉంచి చూస్తే అదే నక్షత్రం నాలుగు నిమిషాలు ముందే మాయమవుతుంది. కచ్చితంగా అయితే 3 నిమిషాల 56 సెకన్లు. పదిరోజులకు నలభై నిమిషాలు, నెలకు రెండు గంటలు. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలే. ఈ లోపు సూర్యుడి చుట్టూ కాస్త ముందుకు జరగడం వల్ల, సూర్యుడు మళ్ళీ అదే దిక్కుకు రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు కావాలి. ఏడాదిలో ఆ నిమిషాలన్నీ కలిస్తే సరిగ్గా ఒక రోజు. భూమి కదలికను ఒక గోడ, ఒక గడియారంతో మీరే కొలిచారు. ఫలితం తేడా వస్తే కారణం చాలాసార్లు ఒకటే, నిలబడ్డ చోటు జరిగింది. గోడ దగ్గరగా ఉంటే చిన్న తేడా కూడా పెద్దదవుతుంది కాబట్టి వీలైనంత దూరం గోడ ఎంచుకోండి. గోడ వెనక్కి వెళ్ళేది గ్రహమైతే లెక్క కుదరదు, అది నక్షత్రాల మధ్య తన దారిన తాను కదులుతుంటుంది. మిణుకుమనకుండా నిలకడగా వెలిగేదైతే గ్రహమని అనుమానించండి.

ఈ అరగంటలో చెవులు కూడా మేలుకుంటాయి. కీచురాళ్ళ రొద ఉక్కగా ఉన్నప్పుడు వేగంగా, రాత్రి చల్లబడేకొద్దీ నెమ్మదిగా ఉంటుంది. వాటి ఒంటి వేడి గాలి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి అరుపు వేగం కూడా దాన్నే అనుసరిస్తుంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త అమోస్ డాల్‌బేర్ 1897లో ఈ వేగం నుంచి ఉష్ణోగ్రత లెక్కకట్టే సూత్రమే రాశాడు. జాతిని బట్టి అంకెలు మారతాయి గానీ తొమ్మిదింటికి ఒక నిమిషం, రెండింటికి ఒక నిమిషం ఒకే కీచురాయి అరుపులు లెక్కపెడితే తేడా మీకే తెలుస్తుంది. తెల్లటి పూలు చీకటి పడ్డాకే ఎక్కువగా గుబాళించేది రాత్రి తిరిగే చిమ్మటల కోసం. రంగు పనిచెయ్యని వేళ వాసన పనిచేస్తుంది.

నక్షత్రాలు మనకొక్కరికే కాదు. దక్షిణాఫ్రికాలో ఒక జాతి పేడపురుగు ఉండను సరళరేఖలో దొర్లించుకుపోవడానికి పాలపుంతను చూసి దారి పట్టుకుంటుందని మేరీ డాకే బృందం 2013లో చూపించింది. పురుగుల తలకు అట్టముక్కతో చిన్న టోపీలు పెట్టి ఆకాశం కనబడకుండా చేస్తే అవి దారి తప్పాయి. ప్లానెటేరియంలో ఒక్క పాలపుంతనే చూపించినా సూటిగా నడిచాయి. వలసపక్షులు ధ్రువం చుట్టూ ఆకాశం తిరిగే తీరును బట్టి ఉత్తరం గుర్తిస్తాయని స్టీఫెన్ ఎమ్లెన్ 1970 నాటికే ప్లానెటేరియంలో పక్షులను పెట్టి నిరూపించాడు. దీపం చుట్టూ పురుగులెందుకు గిరగిర తిరుగుతాయన్న పాత ప్రశ్నకు 2024లో వేగవంతమైన కెమెరాలతో మంచి జవాబు దొరికింది. ఎగిరే పురుగు తన వీపును వెలుతురు వైపు తిప్పుకుంటుంది. కోట్ల ఏళ్ళుగా రాత్రి వెలుతురు అంటే ఆకాశమే కాబట్టి వీపు అటుంటే పురుగు సమంగా ఎగిరినట్టే. పక్కనున్న బల్బును ఆకాశమనుకుని అది ఒరిగిపోతూ, చుట్లు కొడుతూ, అలిసి కింద పడుతుంది.

అందుకే ఈ చీకటి విషయంలో నేను పట్టుబడతాను. అరగంట ఓపిక మన చేతిలో ఉంది, ఆకాశం మీద పరుచుకున్న వెలుతురు మాత్రం ఒక్కరి వల్ల తగ్గేది కాదు. రాత్రి ఆకాశం మీది కృత్రిమ వెలుతురుపై 2016లో వచ్చిన ప్రపంచ అట్లాసు ప్రకారం మనుషుల్లో మూడోవంతుకు పైగా తామున్న చోటి నుంచి పాలపుంతను చూడలేరు. గ్లోబ్ ఎట్ నైట్ కార్యక్రమంలో సామాన్యులు 2011 నుంచి 2022 దాకా నమోదు చేసిన పరిశీలనలను బట్టి ఆకాశం వెలుతురు ఏటా దాదాపు 10 శాతం పెరుగుతోంది. ఒక బిడ్డ పుట్టినప్పుడు 250 నక్షత్రాలు కనిపించే చోట, ఆ బిడ్డకు 18 ఏళ్ళొచ్చేసరికి 100 మిగులుతాయి. తెల్లటి ఎల్‌ఈడీలు దీన్ని ఇంకా చెడగొట్టాయి, వాటిలో నీలం పాలు ఎక్కువ, నీలం గాలిలో ఎక్కువగా చెదురుతుంది. భద్రత కోసం దీపాలు ఉండాల్సిందే అంటారు. ఒప్పుకుంటాను, నేల మీద వెలుతురు ఉండాలి. పైకి పోయే వెలుతురు ఎవరికీ భద్రత ఇవ్వదు. సూటిగా కళ్ళలో పడే దీపం నీడలో ఉన్న మనిషిని చూడనివ్వదు కూడా. మీ గుమ్మం దగ్గర దీపానికి పైభాగం, పక్కలు మూసే డొప్ప పెట్టండి, 3,000 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ రంగు ఉష్ణోగ్రత ఉన్న పసుపు బల్బు వాడండి, మనిషి కదిలితేనే వెలిగే సెన్సరు పెట్టండి. బల్బు నేరుగా కనబడకుండా దాని వెలుతురు మాత్రమే నేల మీద కనబడితే పని సరిగా అయినట్టు.

రెండో వేసవికి ఏదైనా కొనాలనిపిస్తే బైనాక్యులర్స్ కొనండి. 7×50 లేదా 10×50. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందన్నది, రెండో అంకె ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. 50 మిల్లీమీటర్ల కటకం 7 మిల్లీమీటర్ల కంటిపాప కంటే యాభై రెట్ల వెలుతురు పోగుచేస్తుంది. పది రెట్లకు మించి పెద్దది చూపించేవి చేతిలో నిలవవు, నక్షత్రాలు పురుగుల్లా పాకుతాయి. పడుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకోండి. ముందు కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకన్నుకు ఫోకస్ చేసి, తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు చక్రంతో సరిచెయ్యాలి. ఇది చెయ్యక బైనాక్యులర్స్ బాగాలేవనుకునేవాళ్ళు ఎంతోమంది. చూడాల్సినవి: జ్యేష్ఠకు పడమట వేలెడు దూరంలో దూదిపింజలాంటి గోళగుచ్ఛం (బంతిలా గుమిగూడిన నక్షత్రాలు), తేలు కొండికి ఎడమన ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ దాదాపు 1,900 ఏళ్ళ కిందటే నమోదు చేసిన నక్షత్రాల గుంపు, కెటిల్ మూతి పైన మసక నెబ్యులా, అంటే వాయువు, ధూళి మేఘం. "500 రెట్లు" అని పెట్టె మీద రాసిన 60 మిల్లీమీటర్ల టెలిస్కోపును నమ్మొద్దు. మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున దాని హద్దు 120. అది దాటితే మసక పెద్దదవుతుంది, అంతే. ఊగే స్టాండు ఉంటే ఆ 120 కూడా దక్కదు.

ఉల్కల కోసం ఏ పరికరమూ అక్కర్లేదు, బైనాక్యులర్స్ అయితే అడ్డం కూడా. మే 5, 6 తేదీల్లో తెల్లవారుజామున మూడింటి తర్వాత హేలీ తోకచుక్క వదిలిన ధూళి సెకనుకు 66 కిలోమీటర్ల వేగంతో గాలిలో కాలిపోతుంది. ఆగస్టు 12, 13 రాత్రుల్లో స్విఫ్ట్-టటిల్ తోకచుక్కది. వార్తల్లో రాసే "గంటకు వంద" నడినెత్తి నుంచి రాలితే, ఆకాశం పూర్తి నల్లగా ఉంటే వచ్చే లెక్క. మామూలు చోట పావు వంతు చూసినా మంచి రాత్రే. కనీసం గంట పడుకోండి, అందులో మొదటి అరగంట కంటిదే.

జూలై మొదటి వారంలో, మబ్బు విడిచిన ఒక రాత్రి, తెల్లవారుజామున మూడింటికి లేవండి. పడమట వృశ్చికం తల వంచుతూ ఉంటుంది. జ్యేష్ఠ ఎర్రగా దిగంతంలోకి జారిపోతుంది. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకి జ్యేష్ఠ, రోహిణి ఒకేసారి కనిపించవు. కాసేపు ఆగి, మంచం మీద తూర్పు వైపు తిరగండి. దుమ్ము లేకపోతే, కొద్ది నిమిషాల్లో అక్కడ మరో నారింజ చుక్క పైకొస్తుంది. ఎండల్లో కనబడకుండా పోయిన రోహిణి.